పళ్లెం చప్పుడుకి పలకని పిల్ల

"పిల్లకి చెవులు వినపడవేమో!"

శ్రీహరిరావు చేతిలో పళ్లెం, గరిటె ఉన్నాయి. మంచం మీద ఏడు నెలల కూతురు తన కాలి బొటనవేలు నోట్లో పెట్టుకునే పనిలో మునిగి ఉంది. పళ్లెం మోగించాడు. డాల్డా డబ్బా బాదాడు. పిల్ల కన్నైనా ఆర్పలేదు. కింది వాటాలోంచి రాహేలు మాత్రం మెట్లెక్కి వచ్చేసింది.

రాహేలు ఏళ్ల తరబడి కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. దబీర్‌పురాలో సగం జనం తన చేతుల్లోనే పుట్టారంటుంది. ఆ హక్కుతో ఎవరినీ వదలదు. తనెక్కిన రిక్షాకి చలానా రాయబోయిన పోలీసును, "పుట్టంగనే నా చీర తడిపినోనివి, నాకు కాయిదం రాస్తవా?" అని నడిబజార్లో పరుగెత్తించింది.

"ఏంది సారూ గీ లొల్లి? పెండ్లి బరాతా?"

"పరీక్ష చేస్తున్నానండీ, చెవులు వినపడతాయో లేదో."

"బిడ్డకా, పళ్లానికా?"

ఆయనకి నవ్వు రాలేదు. భూమిలోకి చప్పుడు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులతో లోపలి పొరల పటం గీయడం ఆయన ఉద్యోగం. ప్రతిధ్వని రాకపోతే అక్కడేమీ లేదని రాసేయడం అలవాటు. కిందటి నెల అలాగే, "ఇచ్చట సున్నపురాయి తిన్నె లేదు" అని తేల్చాడు. చమురు కోసం బోరు వేస్తే కొండంత తిన్నె తగిలింది. రాయంతా స్పాంజిలా గుల్ల. అంత గుల్లగా ఉండేసరికి సాంద్రతా, అందులో చప్పుడు నడిచే వేగమూ తగ్గి, పైనున్న మట్టిరాయితో ఇంచుమించు సమానమైపోయాయి. రెంటికీ తేడా లేనిచోట ప్రతిధ్వని ఎక్కడిది? తిన్నె పటంలోంచి మాయమైంది. ఆఫీసులో ఆయన్ని చూస్తే అందరికీ దగ్గు వస్తోంది.

రాయి దగ్గర తప్పు ఒప్పుకున్నాడు గానీ, కూతురి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ గరిటె పట్టాడు.

"పక్కింట్ల సుత్తెతోని వంట డేగిసాల సొట్టలు కొడుతున్నరు. గాడ రైలు కూస్తున్నది. కడుపుల ఉన్నప్పటిసంది గిదే వింటున్నది. నీ పళ్లెం గూడ గా చప్పుట్లనే కలిసింది" అంది రాహేలు.

పిల్ల వెనక్కి చేరి, కొంగుముడిలోని సోంపు పొట్లం తీసి, చెవి పక్కన కాగితాన్ని సన్నగా గరగరలాడించింది. పిల్ల బొటనవేలు వదిలేసి గిర్రున తిరిగింది. రెండో వైపు ఆడించింది. అటూ తిరిగింది.

శ్రీహరిరావు గరిటె కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకొక్కసారి, రుజువుకి..."

"నీ చెవుల గూడ ఆడించాల్నా?"

ఆ తర్వాత ఆమె అన్న మాటని ఇంట్లోనూ, ఆఫీసులోనూ శ్రీహరిరావు ఇప్పటికీ పాటిస్తున్నాడు:

"పలకలేదని లేదనుకోకు కొడుకా. గట్టిగ కొట్టకు. జర తీరు మార్చి పిలువు."