జనాన్ని ఆపని ఫోటో

రామచంద్రపురంలో నా స్టూడియో మూతపడ్డాక, యాభై రెండేళ్ల వయసులో కాకినాడలో ఒక పత్రికాఫీసులో ఫోటోగ్రాఫరుగా చేరాను. నెల రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇంట ఓడినవాణ్ణి రచ్చలో ఏం గెలుస్తాను? మూడు వారాలైనా నా ఫోటో ఒక్కటీ అచ్చు కాలేదు.

"పెళ్లి ఆల్బమ్‌లా ఉన్నాయండి. మార్కెట్ అంటే జనం కదా, జనమేరీ?" అన్నారు ఎడిటర్‌గారు, నేను తీసుకెళ్లిన మార్కెట్ ఫోటోలు చూసి. ఆయన నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. ఆ మాటకు నా మనసు చివుక్కుమంది.

జనం పడకుండా తియ్యడమే పనితనం అనుకునేవాణ్ణి. పెళ్లికొడుకును పొలంగట్టు మీద నిలబెట్టి, వెనక పచ్చటి చేను తప్ప ఏమీ కనబడకుండా, దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన చెయ్యి ఇది. ఆ మధ్యాహ్నం జనం కోసమే వెళ్లినా, అలవాటుగా మార్కెట్ రోడ్డులోనూ అవతలి వైపు నిలబడి కెమెరా ఎత్తాను. అంతే, మా జిల్లా మర్యాద అడ్డొచ్చింది. ఫోటో పాడవుతుందని నడిచేవాళ్లు ఆగిపోయారు. "తీసుకోండి, తీసుకోండి" అంటూ వెనకవాళ్లనూ ఆపారు. మధ్యలో ఖాళీ రోడ్డు, వెనక ఆటోల హారన్లు. నెత్తిన చేపలబుట్టతో ఒకామె, "ఏంటండీ ఇది! తీస్తే తియ్యండి, లేదంటే దించండి. మెడలు పడిపోతన్నాయి" అని అరిచింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పెద్ద లెన్సు ఇంట్లో వదిలేసి, చిన్నదానితో జనంలో పడి నడిచాను. కెమెరా కంటికి ఆనిస్తే ఆగుతారని పొట్ట దగ్గరే పట్టుకుని, చూడకుండా నొక్కాను. ముప్పై ఏళ్ల విద్య గోదాట్లో కలిపినట్టే అనిపించింది. మోకాళ్లు లాగేవి. సాయంత్రం చూసుకుంటే అన్నీ మోచేతులు, సంచులు, సగం తలలు. రోజూ అదే వరస. మానేద్దామనుకున్నాను, మానేసి ఏం చెయ్యాలో తెలియలేదు.

గడువుకు ముందురోజు ఒకటి కుదిరింది. అరటిగెల మోసేవాడు, వంకాయలు బేరమాడే టీచరమ్మ, ఆటోలో కునికే ముసలాయన, అందరూ ఒకే ఫోటోలో పడ్డారు. ఎడిటర్‌గారు చాలాసేపు చూసి, "ఉండిపోండి" అన్నారు. మొదటి పేజీలో వేశారు.

పేపరు మా ఆవిడ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో మొహమూ చూసింది.

"బాగుందండీ. ఇంతమందిలో ఒక్కళ్లూ మీ వంక చూడలేదేంటి?" అంది.

పెళ్లిళ్లలో అందరూ నా వంకే చూసేవారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"చూస్తే నా ఉద్యోగం ఉండదే" అన్నాను.