ముందు పోతున్న సైకిల్

నా కూతురి మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నవ్వేవాళ్లుంటే చాయ్ తాగేసి ఇప్పుడే లేచిపోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

మాది జహీరాబాదే. మా ఆయన నర్సింలు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. షుగర్ ఉంది. తిండికి ముందు ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. మోకాళ్ల నొప్పులని నడవడు. అందుకని మా కూతురు లాస్య పాత సైకిల్ తీసుకుని ఇంటి వెనకాల పార్కులో తొక్కుతాడు. పార్కు చుట్టూ గుండ్రంగా రెండు బాటలున్నాయి, ఒకటి నడిచేవాళ్లకు, ఒకటి సైకిళ్లకు. ఆ సైకిల్ చైన్ కవర్ ఊడి, పెడల్‌కు తగులుతుంటుంది. టక్... టక్... టక్. ఎంత మొత్తుకున్నా బాగు చేయించడు. ఆ చప్పుడు వింటే నర్సింలు వస్తున్నాడని వాడకట్టంతా తెలిసిపోతుంది.

చలికాలం. పొద్దుగూకింది. జొన్న రొట్టెలు చేస్తున్నాను. మొదటి రొట్టె పెనం మీద వేయగానే ఈయన సూది వేసుకున్నాడు. రోజూ అంతే. సరిగ్గా అప్పుడే గ్యాస్ అయిపోయింది.

“నువ్వు సిలిండర్ తెచ్చేటాళ్లకు రెండు రౌండ్లు కొట్టొస్త” అన్నాడు.

“సూది ఏస్కున్నవు గదయ్యా! ఏమన్న తిని పో!” అని అరిచాను.

“గింతల ఏమైతది? ఫికర్ చెయ్యకు” అంటూనే సైకిల్ ఎక్కాడు.

పక్కింటి సిలిండర్ తెచ్చి బిగించాను. రొట్టెలు అయ్యాయి. చల్లారాయి. మనిషి రాలేదు. ఫోన్ చేస్తే... ఇంట్లోనే, చార్జర్‌కు వేలాడుతూ మోగింది. పిడికెడు చక్కెర పట్టుకుని పరుగెత్తాను. పొట్లం కట్టే ఓపిక కూడా లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ సాయన్న తాళం పట్టుకుని నిలబడ్డాడు.

“లోపల ఎవ్వలు లేరు చెల్లే. ఈల కొట్టిన. అందరు పోయిన్రు.”

“మా ఆయన రాలేదన్నా!”

“నేనైతె చూడలే. అటు దిక్కు లైట్లు కూడ లెవ్వు...”

ఇంతలో వినిపించింది. లోపల, దూరంగా... టక్... టక్... టక్.

ప్రాణం లేచొచ్చింది. తిట్టుకుంటూ లోపలికి ఉరికాను. “లాస్య నాయినా! ఆగు!” ఆగలేదు. చప్పుడు నా ముందే పోతోంది. మలుపు తిరిగితే, అది తర్వాతి మలుపులో ఉంటుంది. నేను ఉరికితే అదీ జోరందుకుంటుంది. నేను ఆయాసంతో ఆగితే... అదీ మెల్లగా, టక్... ... టక్. నాతో ఆడుకుంటున్నాడా అని కోపమొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. నర్సింలు అట్లా ఆడుకునే మనిషి కాదు. చెమటకు చేతిలో చక్కెర కరిగి వేళ్లకు అంటుకుంటోంది. ఇది కూడా కారిపోతే ఆయనకు ఏం పెట్టను?

ఒక చుట్టు అయిపోయింది. ఇంకో చుట్టు. అడుగు పడటం లేదు.

అప్పుడు తట్టింది. వెంటపడితే అందడు, ఎదురు పోతే దొరుకుతాడు.

కానీ మనసొప్పలేదు. మా పార్కులో గుడి చుట్టూ తిరిగినట్టే అందరూ ఒకే తిప్పు తిరుగుతారు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలవాటు. దానికి ఎదురు, ఎడమ తిప్పు ఎప్పుడు తిరుగుతారు? చితి చుట్టూ. మా నాయన పోయినప్పుడు తమ్ముడు భుజాన కుండ పెట్టుకుని అట్లాగే తిరిగాడు. ఆ తిప్పు ఇప్పుడు నా మొగుడి కోసం నేను తిరగాలా? “దేవుడా, నాకు వేరే దారి లేదు” అని గట్టిగానే అన్నాను. వెనక్కి తిరిగాను.

చప్పుడు... ఎదురుగా రావడం మొదలైంది.

టక్.

చీకటి. ఫోన్ లైటు వేశాను. బాట ఖాళీగా ఉంది.

టక్...

దగ్గరికొచ్చింది. టైరు కింద మొరం నలుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. లైటు వెలుగులో గులకరాళ్లు కనిపిస్తున్నాయి. సైకిల్ లేదు.

టక్... ...

నా పక్కనే. చీర కుచ్చిళ్లు ఊగాయి. చల్లగాలి కాదది... వెచ్చగా, ఎవరో ఆయాసంతో వదిలిన ఊపిరిలా ఉంది. నన్ను దాటింది.

అప్పుడే... ట్రింగ్.

బెల్లు. ఒక్కసారే. వెనక నుంచి కాదు. కింద నుంచి.

లైటు తిప్పాను. కంచె మొక్కల అవతల, వాన నీళ్లు పోయే మోరీలో, సైకిల్ కింద పడి ఉన్నాడు నా మొగుడు. ఒళ్లంతా చెమట. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, చూపు లేదు. ఒక చెయ్యి బెల్లు మీద. చైన్ తెగి వేలాడుతోంది. ముందు చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుని కదలడం లేదు.

చేతికి అంటుకున్న చక్కెర ఆయన చిగుళ్లకు రుద్దాను. రుద్దుతూనే అరిచాను. సాయన్న ఆటో తెచ్చాడు. దవాఖానకు పోయేదాకా నా వేళ్లు ఆయన దవడలోనే ఉన్నాయి. గ్లూకోజ్ ఎక్కాక కళ్లు తెరిచాడు. తెరిచి ఏమన్నాడో తెలుసా?

“నీకు సైకిల్ ఎప్పుడొచ్చిందే?”

“ఏం మాటలయ్యా గివి?”

“నేను మోరీల పడ్డంక నువ్వు సైకిల్ మీద వచ్చినవ్. లేపుతవనుకున్న. దాటుకుంట పోయినవ్. మల్ల వచ్చినవ్, మల్ల పోయినవ్. ఎంత పిలిచినా ముఖం తిప్పలే. ఆఖరికి చెయ్యి లేస్తలేకున్నా బెల్లు కొట్టిన.”

నాకు సైకిల్ రాదు. చిన్నప్పుడు కూడా ఎక్కలేదు.

షుగర్ పడిపోతే మెదడు ఇట్లాంటివి చూపిస్తుందని డాక్టర్ అన్నాడు. సరే, ఆయన మెదడు అనుకుందాం. మరి నా చెవులకేమైంది? నాకు షుగర్ లేదు కదా! ఆ చప్పుడు నన్ను ఆయన దగ్గరికి తీసుకుపోయిందా, లేక ఆయన్ని దాటించి తిప్పిందా... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సైకిల్ అటక మీద పడేయించాను. ఇప్పుడు రొట్టె కంచంలో పడ్డాకే సూది. మొన్న రాత్రి ఈయనకు వేడిగా రొట్టె వేస్తున్నాను. వెనకాల పార్కులోంచి... టక్... టక్...

“విన్నవా?” అన్నాను.

ఆయన నోట్లో ముక్క ఆగిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గద?” అని అడిగాడు.