మామకు అమ్మిన జపాన్ ఇంజను

పోయిన వారం కరెంటు స్కూటరు కొంటానని నా కూతురు నన్ను కడపకు వెంటబెట్టుకొని పోయింది. షోరూములో అమ్మేటాయన "మోటారు మొత్తం మన దేశందే సార్" అని ఒకటికి రెండుసార్లు చెప్పినాడు. వంగి చూస్తే మోటారు మీద చదరంగా గీకిన మచ్చ. నేను లేచేది ఆలస్యమయితే "ఏం నాన్నా, నడుం పట్టుకునిందా?" అని అడిగింది నా కూతురు. అవునన్నా. పట్టుకునింది నడుం కాదు, సిగ్గు. అట్లాంటి మచ్చలు నేనూ శానా పెట్టినోన్నే.

మైదుకూరులో మాకు సైకిళ్ల అంగడి ఉండె. నాయన పోయినాక, సైకిళ్లు కొనేవాళ్లు తగ్గిపోతే, నేను తెలివిమీరి ఒక కొత్త కంపెనీ మోటారు సైకిళ్లకు ఏజెన్సీ తీసుకున్నా. పేరు మనదే, ట్యాంకు మీద పులి బొమ్మ, లోపల ఇంజను మాత్రం చైనాది. అదన్నా చైనావాళ్ల సొంతమా అంటే కాదు, జపానోళ్ల నూరు సీసీ ఇంజనును చూసి అచ్చు గుద్దినట్టు చేసింది. మా మెకానిక్ భాయ్ ఒక ఇంజను విప్పి, జపాను బండి పిస్టను, రింగులు అన్నీ వేసి చూసి, "కాపీ కొడితే ఇట్ల కొట్టాల శెట్టీ" అని మెచ్చుకున్నాడు. నిజం చెప్పాల్నంటే బండి మంచిదే. అయితే ఇంజను పక్కన పొంగు అక్షరాలతో చైనా రాత ఉండె. రైతులు వచ్చి, టైర్లు తన్ని చూసి, హారను కొట్టి, ఆఖర్లో ఆ రాత కంటబడితే "ఏమప్పా, తిరనాళ్లలో టార్చిలైట్లు చేసేటోళ్లదేనా ఇది?" అని నవ్వుకుంటా పోతాండిరి. నెలన్నర బోణీ లేదు. ఇంక తట్టుకోలేక ఆకురాయి చేతికి తీసుకున్నా. మధ్యాన్నం పూట షట్టరు సగం దించి, ఒక్కో బండికీ అక్షరాలు అరగదీసి, నల్లరంగు పూసి, జపాన్ ఇంజనని అమ్మినా. "కిందనే ఇంజను నంబరు ఉండాది, చూసుకో శెట్టీ" అని భాయ్ చెప్పనే చెప్పినాడు. నీ పని నువ్వు చూసుకోమన్నా.

మా అమ్మ తమ్ముడు, నాకు మేనమామ, సైకిలు మీద చీరల మూట కట్టుకొని పల్లెలు తిరిగేవాడు. ఆయనొస్తే ఆడోళ్లు అరుగు మీద చాప పరిచి, మంచినీళ్లిచ్చి, మూట విప్పమనేవాళ్లు. చాప పరిచినారంటే మనిషిని నమ్మినట్టు. ఇంట్లో మొగోళ్లు లేకపోయినా తప్పు పట్టేవాళ్లు లేరు. యాభై దాటి మోకాళ్లు నొస్తాండాయంటే నేనే ఆయనకు బండి అంటగట్టినా. "చైనాది కాదు గదప్పా?" అన్నాడు. "జపాన్ ఇంజను మామా" అన్నా, ఆయన కండ్లలోకే చూస్తా. పోయిన ప్రతి ఊర్లోనూ నా అల్లుడిచ్చిన బండి అని చెప్పుకున్నాడంట.

ఒక పొద్దున కడప దావలో పోలీసులు బండ్లు ఆపి చూస్తాంటే మామది దొరికింది. ఇంజను నంబరులో రెండంకెలు లేవు. నంబరు గీకిన బండంటే ఎవరికైనా దొంగబండే. మూటతో సహా స్టేషను ముందర బెంచీ మీద కూర్చోబెట్టినారు. ఆ దావనే సంతకు పోయే ఆడోళ్లు, ఆయన దగ్గర చీరలు కొన్నోళ్లే, చూసుకుంటా పోయినారు. ఎస్సై నాకు ఫోన్ చేసి "ఈ నంబరు ఎవరు గీకినారు?" అని అడిగినాడు. నిజం చెప్తే అంగట్లో ఉన్న బండ్లన్నీ బయటపడతాయి. "నేనిచ్చినప్పుడు బాగానే ఉండె సార్, తర్వాత ఆయనేం చేసుకున్నాడో నాకు తెలీదు" అన్నా. థూ, ఆ మాట అనడానికి నాకు నోరెట్లా వచ్చిందో.

అత్త కాగితాలిచ్చి పంపితే భాయ్ పోయి మామను తీసుకొచ్చినాడు. లోపల జరిగింది కానిస్టేబులు దగ్గర విని భాయే నాకు చెప్పినాడు. ఎస్సై నాతో స్పీకర్లో పెట్టి మాట్లాడినాడంట. మామ ఆ పక్కనే ఉన్నాడంట. నా మాట మొత్తం విని, "అవును సార్, నేనే గీకినా. తుప్పు పట్టిందని గీకితే నంబరు పోయింది" అన్నాడంట. చాసిస్ నంబరు కాగితాలతో సరిపోయింది కాబట్టి నాలుగు తిట్టి వదిలిపెట్టినారు. ఇది చెప్పి భాయ్ నా అంగట్లో పని మానుకున్నాడు. మామ మాత్రం నన్ను ఒక్క మాటా అడగలేదు. ఆ తర్వాత పల్లెల్లో ఆయనకు చాప పరిచినోళ్లు లేరు. ఏడాది తిరక్కముందే మూట అటకెక్కింది.

ఇప్పుడాయన రాజంపేటలో కూతురి దగ్గర ఉండాడు. చెప్పాలనే పోతా ప్రతిసారీ. కాఫీ తాగి, వానలు లేవని మాట్లాడి, బస్సెక్కి వస్తా. మొన్న పోయినప్పుడు "మామా, ఆ బండి సంగతి..." అని మొదలుపెట్టినా. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని "ఏమంటివప్పా?" అన్నాడు. ఏం లేదన్నా. నాకు ధైర్యం ఏడాదికి రవ్వంత వస్తాంటే, ఆయనకు వినికిడి అంతకు రెండింతలు తగ్గిపోతాండాది.