దొరికిందే!

బందరులో మేము అద్దెకున్న ఇంటి యజమాని హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు. మద్రాసు పేపరులో వచ్చే క్రాస్‌వర్డ్ పజిల్ ముందేసుకుని రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చునేవారు. జవాబు తట్టగానే కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఏమేవ్, దొరికిందే!" అని కేకేసేవారు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని ఆయన భార్య పొయ్యి మీది కూర దించి మరీ వచ్చేవారు.

"పైకి కనిపించే అర్థం తొక్కేనే. అది తీస్తేనే ముంజె," అంటూ ఆయన మాట మాటా విడదీసి చెబుతుంటే, ఆవిడ కథ విన్నట్టు వినేవారు. గోడకివతల నేనూ వినేదాన్ని.

ఒకనాడు, ముందురోజు ఆయన అంతసేపు వివరించిన జవాబు తప్పని పేపరులో పడింది. మేష్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టేశారు. కొత్త పజిల్ జోలికే పోలేదు. కేక వినపడకపోయేసరికి ఆవిడే వచ్చి సంగతేమిటని అడిగారు. ఆయన పేపరువాడి జవాబు ముక్తసరిగా చెప్పారు.

"అదేం జవాబండీ, ఉప్పూ కారం లేకుండా! మీరు చెప్పిందే బాగుంది. ఆ పేపరువాణ్ణే దిద్దుకోమనండి."

మేష్టారు పకపకా నవ్వారు. పిల్లల కాంపొజిషన్లు దిద్దే ఎర్ర పెన్సిల్ తీసి, అచ్చయిన జవాబును అడ్డంగా కొట్టేశారు.

ఆవిడ గుమ్మానికి ఆనుకుని కూర్చున్నారు.

"ఇక ఇవాళ్టిది కానివ్వండి. కూర దించే వచ్చాను."