శనివారం నాయన

శుక్రవారం సాయంత్రం నుంచే నాకు గుండెల్లో దడ. మర్నాడు శనివారం మరి.

చిత్తూరులో మా నాయనది బెల్లం మండీ. రోజంతా బెల్లం దిమ్మెల మధ్య కూర్చునే మనిషికే చక్కెర జబ్బు రావాలా! డాక్టరు రాసిచ్చిన మాత్ర పొద్దున్నే మింగేవాడు. శనివారం మాత్రం ఏడుకొండలవాడికి ఒక్కపొద్దు, దీపాలు పెట్టాకే అన్నం. ఆ రోజూ మాత్ర మానేవాడు కాదు.

ఆ మాత్ర మొదలుపెట్టిన ఏడాది, ప్రతి శనివారం మధ్యాహ్నమయ్యేసరికి నాయన వేరే మనిషయ్యేవాడు. చొక్కా చెమటతో తడిసేది, చేతులు వణికేవి. కిటికీ దగ్గర ఎవరో నిలబడి తననే చూస్తున్నారనేవాడు. అక్కడ ఎవరూ ఉండేవాళ్లు కాదు. అమ్మ నీళ్లిస్తే చెంబు విసిరికొట్టేవాడు.

"దీంట్లో ఏందో కలిపినావు. నన్ను సంపాలని సూస్తాండావే!"

పూజయ్యాక నేను అన్నం పెడితే తిని, కాసేపటికి మామూలైపోయేవాడు. ఏమీ గుర్తుండేది కాదు. పూజతో శని వదిలిందనుకున్నాం. ఒక్కపొద్దు ఇంకా నిష్ఠగా చేయమని చుట్టాలు చెబితే, పొద్దుటి కాఫీ కూడా మానేశాడు. మా తెలివి తెల్లారినట్టే ఉంది! రోగం మరింత ముదిరింది.

చివరికి ఒక శనివారం మేనమామ వచ్చి అమ్మ పెట్టె సర్దించాడు. "ఇంక నువ్వు ఈడ ఉండొద్దు పాపా, నీ పుట్టింటికి, ఏర్పేడుకు పోదాం పా."

నాయన గోడకు ఆనుకుని వణుకుతున్నాడు. నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు. అప్పుడే పక్కింటి అక్క కొండ మీద గుండు చేయించుకొచ్చి, లడ్డు ప్రసాదం తెచ్చింది. దాన్ని మాత్రం కాదనలేదు నాయన. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి చెమట ఆరింది. అమ్మను చూసి, "ఏమే, పెట్టె సర్దినావు, యాడికి పోతాండావు?" అన్నాడు.

అమ్మ గడపలోనే కూలబడి ఏడ్చింది.

మామ ఊరుకోలేదు, నాయనను తిరుపతిలో పెద్ద డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. శనివారాల సంగతి వినగానే ఆయన తల పట్టుకున్నాడు. "మాత్ర మింగి పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతుందప్పా. మెదడుకు తిండి లేకపోతే లేనివన్నీ కనిపిస్తాయి, అనుమానాలూ పుడతాయి."

నాయన ఒక్కపొద్దు మానేశాడు. జబ్బు మాట ఇంట్లో మళ్లీ రాలేదు.

కానీ ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా, అమ్మ నాయనకు వడ్డించే ముందు గిన్నెలోంచి కాస్త అన్నం అరచేతిలో వేసుకుని, ఆయన చూస్తుండగానే తినేది. ఎందుకే అంటే, "ఉప్పు సూస్తాండా" అనేది.

"ఇన్నేండ్లయినా నీకు ఉప్పు కుదరలేదా!" అని నాయన నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు.