మేస్త్రీ పోసిన నీళ్లు

పైపుల మేస్త్రీకి ఒక జబ్బు ఉంది. తప్పు ఒప్పుకోడు. అసలు తన చేతి మీదుగా తప్పు జరుగుతుందన్న ఊహే ఆ మనిషి బుర్రకెక్కదు. వేసిన అతుకు కారితే వాషరుది తప్పు, వాషరు బాగుంటే గోడది తప్పు, గోడ కూడా బాగుంటే ఆ ఇంటివాళ్లు కుళాయి తిప్పే పద్ధతి తప్పు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే వరస. పని మాత్రం గొప్పగా చేస్తాడు, ఆ మాట అనకపోతే కళ్లు పోతాయి. నాలుగంతస్తుల ఇంట్లో ఎక్కడ నీరు ఊరుతున్నా గోడకి చెవి ఆనించి ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తాడు. అందుకే ఆ నోటిని అందరూ భరించారు.

అందరికంటే ఎక్కువ భరించింది భార్య, ఆ తరవాత తమ్ముడు. తమ్ముడికి నలభై ఆరేళ్లొచ్చినా ఇంట్లో చిన్నోడే. ప్రెస్సులో కాగితం కోసే మిషను మీద పని. పెళ్లి మాటెత్తితే, "ముందు నాకు నచ్చిన పిల్ల దొరకాలి, తరవాత ఆ పిల్లకి నేను నచ్చాలి, రెండు గండాలున్నాయి వదినా" అని నవ్వించి తప్పించుకునేవాడు. ఆ ఇంట్లో సందడంటూ ఉంటే అది వాడి నోటి వల్లే. ఒక మధ్యాహ్నం, కత్తి దిగే వేళకి కాగితాల అంచు సర్దబోయాడు. కుడిచేతి నాలుగు వేళ్లూ పోయాయి, బొటనవేలు మిగిలింది.

చెయ్యి మూడు నెలల్లో మానింది కానీ మనిషి కోలుకోలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. వదిన కంచం తెచ్చి పక్కన పెడితే ఎడం చేత్తో కాస్త కెలికి తోసేసేవాడు. ఒకరోజు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక్కసారే మింగేశాడు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి, ఎలాగో బతికి బయటపడ్డాడు. అప్పటినుంచీ ఇంట్లో మాత్రలన్నీ మేస్త్రీ పనిముట్ల పెట్టెలో, రెంచీల అడుగున, తాళం కింద ఉంటాయి. భార్యకి తలనొప్పి వస్తే మొగుడు పనినుంచి తిరిగొచ్చేదాకా ఓర్చుకోవాల్సిందే.

"తన మీద ఆధారపడి బతికేది ఏదైనా ఒకటి చేతికివ్వండి" అన్నాడు డాక్టరు. ఏమివ్వాలో మేస్త్రీకి పాలుపోలేదు. తన అన్నం తానే తినని మనిషి ఇంకోదాన్ని ఏం సాకుతాడు?

అలాంటి రోజుల్లో రంగుచేపలు అమ్మే దుకాణంలో పైపు పగిలింది. టార్చి పట్టుకోవడానికి మనిషి కావాలని వంక పెట్టి మేస్త్రీ తమ్ముణ్ని వెంట లాక్కెళ్లాడు. టార్చి పట్టింది కాసేపే. పనిలోంచి తలెత్తి చూస్తే వాడు ఓ మూల చిన్న అద్దాల తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. తొట్టిలో సముద్రపు ఉప్పునీళ్లు, బొరియలున్న రాళ్లు, రాళ్ల మీద గుండీల్లా విచ్చుకున్న పగడపు జీవాలు, నాలుగు నత్తలు, ఒక నీలం చేప, శంఖాలు మోసుకుని తిరిగే పీతలు ఏడు. అందులో ఒక పీత శంఖంలోంచి తన మెత్తటి ఒళ్లు బయటికి లాగి, పక్కనున్న ఖాళీ శంఖంలో దూరి, నచ్చక మళ్లీ పాతదాన్లోకే దూకింది.

"అదేం చేస్తోంది?" అన్నాడు తమ్ముడు. ఎనిమిది నెలల్లో వాడు తనంతట తాను అడిగిన మొదటి మాట.

"ఇల్లు మారదామని చూస్తోంది" అంది దుకాణం ఆవిడ. "వీటికి సొంత ఇల్లుండదు. చచ్చిన నత్తల శంఖాల్లో కాపురం. ఒళ్లు పెరిగినప్పుడల్లా ఇంకో పెద్దది వెతుక్కోవాలి."

"ఇల్లరికం అల్లుడన్నమాట."

మేస్త్రీ చేతిలో రెంచీ కింద పెట్టేశాడు. పాత తమ్ముడి గొంతు అది. ఆ గొంతు వినడానికి మనిషి ఎన్ని గడపలు తొక్కాడో, ఎంతమంది డాక్టర్ల ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడో! సాయంత్రానికి తొట్టి ఇంటికొచ్చేసింది.

దుకాణం ఆవిడ వెంట వచ్చి, తొట్టి బల్ల మీద పెట్టించి, చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "రోజూ నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. అందుకని తగ్గినమేరకి మంచినీళ్లే పొయ్యాలి. అవీ నా దగ్గర శుద్ధి చేసిన క్యాను నీళ్లే. కుళాయి నీళ్లు మాత్రం వద్దు." ఎంతదాకా పొయ్యాలో తెలిసేలా అద్దం మీద ఒక గీత కూడా గీసింది. క్యాను ఎత్తడం తమ్ముడి చేతివల్ల కాదు. అందుకని పొద్దున్నే పనికెళ్లబోయే ముందు నీళ్లు పోసే పని మేస్త్రీ తీసుకున్నాడు.

మిగతాదంతా తమ్ముడిదే. ఎడం చేత్తో పట్టకారు పట్టి మేత వెయ్యడం నేర్చుకున్నాడు. అద్దం మీద నాచు గీకేవాడు. ఖాళీ శంఖాలు మరిగించి, చల్లార్చి, ఇసక మీద సైజులవారీగా పేర్చేవాడు. పీతలకి పేర్లు పెట్టాడు: ఇల్లరికం, ఇన్‌స్పెక్టరు, మేనత్త... ఒకదానికి మేత పట్టుకునే పెద్ద డెక్క ఊడిపోయి ఉంది, దాన్ని మాత్రం 'మనోడు' అనేవాడు. నెలన్నరకి మనోడు కుబుసం విడిచి, డెక్క ఊడినచోట బుల్లి డెక్కతో బయటికొచ్చాడు. "చూశావా వదినా, దీనికి మొలిచింది. మనమే పనికిమాలిన జాతి" అని నవ్వాడు తమ్ముడు. వదిన వంటగదిలోకెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చేసింది. వాడు ఇప్పుడు కంచం ఖాళీ చేస్తున్నాడు. ఆవిడకి అంతకంటే ఏం కావాలి?

ఆ సంబరంలోనే మేస్త్రీ ఇంటి పైపులు మార్చాడు. ఊరందరికీ మంచి పైపులేసి మా చేత తుప్పు నీళ్లు తాగిస్తున్నాడని భార్య ఇరవై ఏళ్లుగా సాధిస్తోంది. ఇనప పైపులన్నీ పీకేసి రాగివి వేశాడు. ప్రతి అతుకూ తన చేత్తోనే టంకం పెట్టాడు. మొదటి గ్లాసు పట్టి కిటికీ వెలుగులో ఎత్తి చూపించాడు. "ఏ దుకాణంలో దొరుకుతాయే ఇలాంటి నీళ్లు?" అన్నాడు భార్యతో.

ఆ మర్నాడే క్యాను అయిపోయింది. కుళాయి నీళ్లు వద్దని ఆవిడ చెప్పింది నిజమే. కానీ అది అడ్డమైనవాళ్లూ వేసిన కుళాయిల గురించి కదా అనుకున్నాడు మహానుభావుడు. రోజూ తెల్లారగానే, ఇంట్లో ఇంకెవరూ కుళాయి తిప్పకముందే, రాత్రంతా కొత్త పైపుల్లో నిలిచిన నీళ్లు మగ్గుతో పట్టి గీతదాకా పోసి పనికి వెళ్లేవాడు. ఎంత ప్రేమగా పోసేవాడో. తమ్ముడితో ఆ సంగతి అనలేదు. అనడానికి అందులో ఏముంది?

పది రోజులకి నత్తలు బోర్లా పడ్డాయి. పగడపు జీవాలు ముడుచుకుపోయాయి. ఆ తరవాత ఇన్‌స్పెక్టరు శంఖం వదిలేసి ఇసక మీద బట్టబయలుగా పడి ఉంది. "కుబుసమే వదినా, ఏం కాదు" అని తమ్ముడు రెండు రోజులు కాచుకున్నాడు. మూడో రోజు వాసన వచ్చింది. తరవాత మేనత్త పోయింది. తరవాత ఒక్కరోజే రెండు. వాడు తొట్టి ముందునుంచి లేవడం మానేశాడు, అన్నం తినడం మళ్లీ మానేశాడు.

"నీళ్లలో ఏమైనా తేడా ఉందేమో అన్నయ్యా" అన్నాడు ఒక పొద్దున్న.

"నీళ్లలో తేడా ఉంటే ముందు చేప పోదురా? అది చూడు, నిక్షేపంలా తిరుగుతోంది. నీళ్లు బంగారం లాంటివి."

తమ్ముడు చేప వంక చూశాడు. నిజమే, మేత కోసం అద్దానికి ముక్కు రాస్తోంది. "అయితే నా చేతిలోనే ఉంది" అన్నాడు. "నేను ముట్టుకున్నది ఏదీ బాగుండదు." మేస్త్రీ వాదనలో గెలిచిన మనిషిలాగే పెట్టె ఎత్తుకుని పనికి వెళ్లిపోయాడు. ఆ మాట ఎంత దూరం వెళ్తుందో ఆ మొండి మనిషికి తట్టనేలేదు.

పంతొమ్మిదో రోజుకి ఏడింట్లో ఆరు పోయాయి. మనోడొక్కడే మిగిలాడు. వాడూ శంఖంలోంచి సగం బయటికి జారి, కదిపితే తప్ప కదలడం లేదు. ఆ మధ్యాహ్నం భార్య మేస్త్రీ పనిచేస్తున్న చోటికి పరుగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా లేవు. చేతిలో మరిది వాచీ ఉంది.

"ఏమండీ, ఇది మీకిమ్మన్నాడు. ఇంక నాకెందుకు వదినా అన్నాడు. పక్కబట్టలు మడతపెట్టుకున్నాడు, చొక్కాలన్నీ ఉతికి దొంతర పెట్టాడు. నాకు భయంగా ఉందండీ. పక్కింటావిణ్ని కూర్చోబెట్టి వచ్చా. ఏదో ఒకటి చెయ్యండి!"

 కిందటిసారి మాత్రలు మింగే ముందు కూడా వాడు గది శుభ్రంగా సర్దిపెట్టాడు. ఏం చెయ్యాలి? ఎవరి కాళ్లు పట్టుకోవాలి? తోచింది ఒక్కటే, ఆ మిగిలిన పీత బతకాలి. ఇంటికి పరుగెత్తి, తొట్టిలోంచి సీసాడు నీళ్లు ముంచుకుని, భార్యని తమ్ముడి దగ్గరే కూర్చోమని చెప్పి దుకాణానికి పరుగెత్తాడు. దారిపొడుగునా, ఒక్కటి, ఒక్కటి బతికితే చాలని ఎవరికి మొక్కుకుంటున్నాడో తెలియకుండానే మొక్కుకున్నాడు.

దుకాణం ఆవిడ ఆ నీళ్లు గాజు గొట్టంలో పోసి, మందు చుక్కలు వేసి ఊపింది. రంగు తిరిగింది. నమ్మకం కుదరక ఇంకోసారి చేసింది.

"దీన్లో రాగి ఉందండీ. చేపల జబ్బు మందేదైనా వేశారా?"

"ఏ మందూ వెయ్యలేదమ్మా."

"చేప కొంతవరకు తట్టుకుంటుంది. పీతలకీ నత్తలకీ మాత్రం రాగి విషం. అసలు నీళ్లెక్కడివి పోస్తున్నారు?"

"మా ఇంట్లోవే. కొత్త పైపులు. నేనే స్వయంగా..."

 కొత్త రాగి పైపులు వేసిన ప్రతి ఇంట్లోనూ వెళ్లబోయేముందు తాను చెప్పే మాట మేస్త్రీకి గుర్తొచ్చింది. పొద్దున్నే మొదటి నీళ్లు కాసేపు వదిలెయ్యండి, రాత్రంతా నిలిచి రాగి దిగుతుంది, ఆ తరవాతే పట్టుకోండి అని ఎంతమందికి చెప్పాడో. తన సింకులో కుళాయి కింద ఆకుపచ్చ మరక కూడా రోజూ చూస్తూనే ఉన్నాడు. తన పైపు కదా, మరకెందుకు పడుతుందని సబ్బుతో రుద్దేశాడు.

ఆవిడ కలిపి ఉంచిన ఉప్పునీళ్ల క్యాన్లు రెండు, విషం పీల్చే బొగ్గు సంచీ ఒకటి ఇచ్చింది. "వెంటనే నీళ్లు మార్చండి. కానీ రాళ్లూ ఇసకా కూడా పీల్చుకునుంటాయి. బతుకుతుందని నేను చెప్పలేను" అంది.

రెండు చేతులా క్యాన్లతో మూడో అంతస్తు మెట్ల దాకా వచ్చి మేస్త్రీ కూలబడిపోయాడు. ఆవిడ కొత్త నీళ్లిచ్చిందిరా, మార్చమంది అంటే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ముప్పై ఎనిమిదేళ్ల పేరు పదిలంగా ఉంటుంది. కానీ మనోడు పోతే? పోతాడనే ఆవిడ చెప్పకనే చెప్పింది. పోతే ఆ చావు కూడా తమ్ముడి చేతి లెక్కలోనే పడుతుంది. ఆ ఆలోచన వచ్చేసరికి మేస్త్రీకి పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా లేచి తలుపు తోశాడు.

తమ్ముడు తొట్టి ముందే ఉన్నాడు. భార్య వాడి పక్కనే కూర్చుని ఉంది.

"ఒరేయ్ చిన్నోడా" అన్నాడు మేస్త్రీ.  జీవితంలో ఎప్పుడూ అనని మాట, ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియదు. "నేనే చంపానురా వాటిని. నీ చెయ్యి కాదు. నేను పోసిన నీళ్లు. క్యాను నీళ్లు కాదవి, మన కుళాయివి. రాగి దిగిన నీళ్లు. తప్పు నాదేరా. మొత్తం నాదే."

తమ్ముడు తలెత్తాడు. "ఎన్నాళ్లనుంచి?"

"పంతొమ్మిది రోజులు."

  వాడు లేచాడు. బల్ల మీది మగ్గు తీసి గోడకేసి కొట్టాడు.

"కుళాయి నీళ్లు వద్దని చెప్పిందా లేదా ఆవిడ? చెవులున్నాయా లేవా నీకు? నీళ్లలో తేడా ఉందేమోనని నేను అడిగితే ఏమన్నావ్? బంగారమా? ఒక్కొక్కటే చస్తుంటే నా చేతులు నరుక్కోవాలనిపించింది తెలుసా నీకు? నిద్రపోయానా ఒక్కరోజు? పెద్ద మొనగాడివి! నీకు తెలియంది లేదు! నీ అంత బుద్ధిలేని మనిషిని నేను ఎక్కడా చూళ్లేదు!"

భార్య అడ్డం వెళ్లబోయింది. "ఊరుకో" అన్నాడు మేస్త్రీ, కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి. "తిట్టనీ. వాణ్ని తిట్టనీ."

"ఏడిచింది చాలు, గొట్టం పట్టుకో!" అని అరిచాడు తమ్ముడు. సాయంత్రందాకా ఇద్దరూ పాత నీళ్లు తోడి కొత్తవి పోశారు. పోసినంతసేపూ తమ్ముడు చెడామడా తిడుతూనే ఉన్నాడు. మేస్త్రీ వాడు చెప్పిన పనల్లా చేశాడు.

తెల్లారేసరికి మనోడు చచ్చిపోయి ఉన్నాడు. ముందు చూసింది మేస్త్రీయే. తమ్ముడు వచ్చేదాకా గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డాడు, లోలోపల దేవుళ్లందరినీ పిలుచుకుంటూ. తమ్ముడు వచ్చి, వంగి చూసి, ఎడం చేత్తో పట్టకారు తీసుకుని ఆ పీతని మెల్లిగా బయటికి తీశాడు. కాగితంలో చుట్టాడు. వాడి కళ్లనిండా నీళ్లు. ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని తొట్టిలోకి చూశాడు.

"రాళ్లు పనికిరావు కదా?" అన్నాడు.

"పనికిరావటరా. ఇసక కూడా."

"చేపని ఆవిడ దగ్గర పెట్టమని అడుగు. తొట్టి నేను కడుగుతాను. రాళ్లు ఎన్నాళ్లకి తెప్పిస్తుందో కనుక్కుని రా." తలుపు దగ్గరికి వెళ్లిన అన్నని మళ్లీ పిలిచాడు. "ఇదిగో, ఈసారి నీళ్లు నేనే పోసుకుంటా. చిన్న సీసాల్లో తెచ్చుకుంటా. నువ్వు మాత్రం ఆ ఛాయలకి రాకు."

"రానురా" అన్నాడు మేస్త్రీ.