సుమేరు లెక్కతో మా అత్త పాట

ప్రొద్దుటూరు దగ్గర కాటాలో లారీలు తూచడం నా పని. లారీకీ లారీకీ మధ్య దొరికే ఖాళీలో ఇప్పటి ఇరాక్‌లో బతికిన ప్రాచీన సుమేరు వాళ్ల గురించి చదువుతుంటాను. వేల ఏళ్ల కిందటి వాళ్ల కావ్యాల వయసును పండితులు అందులోని మాటలను బట్టి లెక్కగడతారు. మట్టిపలకల మీది పాఠాలను కంప్యూటర్లలోకి ఎక్కించి పెట్టారు. ఏ మాట ఎక్కడ ఎన్నిసార్లు వచ్చిందో నాలాంటివాడు కూడా ఫోనులో చూసుకోవచ్చు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

ఆ ఉత్సాహంలో జమ్మలమడుగులో ఉన్న మా మేనత్త పాట మీద పడ్డాను. ఆమె ఇప్పటికీ రాగులు రాయి మీదే విసురుతుంది. అప్పుడు పాడే పాట వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, నేర్పిందట. జేజి గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే. రాసుకుని చూస్తే చివరి చరణంలో సిమెంటు లారీ ఉంది. జేజి బతికి ఉండగా వాళ్ల ఊరి దారిన ఎద్దులబండ్లే తప్ప లారీలు తిరగలేదు. పాట జేజిది కాదని అత్తతో అనేశాను. తర్వాత రెండుసార్లు వెళ్లి పాడమంటే గొంతు బాగాలేదంది.

నా తప్పేమిటో సుమేరు చదువే చూపించింది. దొరికిన కావ్యపు పలకల్లో చాలావాటిని రాసింది కవులు కాదు, తర్వాతి కాలపు బడిపిల్లలు. నకలు రాసేవాడు తన కాలపు మాటలు కలుపుతాడు. అందుకే పండితులు ఒక్క పలకను నమ్మరు. నకళ్లన్నీ పంక్తికి పంక్తి పక్కపక్కన పెడతారు, కాలం తెలిసిన రాజుల శాసనాలతో పోలుస్తారు. నేనేమో ఖాళీ లారీ బరువు తీసేయకుండానే సరుకు బరువు చెప్పాను.

అత్త చెల్లెలు పులివెందులలో ఉంది. ఇద్దరూ చిన్నప్పుడు జేజి దగ్గర ఒకే రాయి ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లు. ఆమె చేతా పాడించుకున్నాను. పద్నాలుగు చరణాల్లో పదమూడు ఒక్కటే. చివరిదానిలో లారీ లేదు, అరటితోట ఉంది. ఎందుకని అడిగితే నవ్వింది. విసిరే మనిషి తన వాకిట్లోంచి కనిపించేది చివర్న పాడాలట, ఒకరి వాకిలి ఇంకొకరు పాడకూడదట.

ఆదివారం జమ్మలమడుగు వెళ్లి, పదమూడు చరణాలూ జేజి దగ్గర నుంచి వచ్చినవేనని, అంతకన్నా ఎంత పాతవో మాత్రం చెప్పలేనని అత్తతో ఒప్పుకున్నాను.

"నేను సెప్తే నమ్మలా, సెల్లెలు సెప్తే నమ్మినావు," అంది. "కడచరణం సంగతి నన్నడిగింటే సెప్పేదాన్ని గదా. లెక్కలోడివి, అడగడం రాదు నీకి."

రాగులు పోసి, రాయి పిడి నా చేతికిచ్చింది. పదమూడు చరణాలు ఆమె పాడింది, గొంతు బాగానే ఉంది. పద్నాలుగోది నన్ను పాడమంది. తడబడుతూ మా కాటాను పాడాను.

"పక్కన నీ పేరు రాసుకో అల్లుడా," అంది. "రేపు ఇంగొకడొచ్చి మా జేజి కాటా కాడ లారీలు తూసిందంటాడు."